హై గెయిన్ పెడల్ కొంటున్నారా, ముందు అది దేంట్లో పెడతారో చెప్పండి

మొన్న సంక్రాంతికి అమలాపురం వెళ్తే మా పిన్ని గారబ్బాయి నన్ను అన్నం కూడా తిననివ్వలేదండి, ఫోన్ తెచ్చి ముందు పెట్టేసి అన్నయ్యా ఈ మూడిట్లో ఏ పెడల్ కొనమంటావు అని ఒకటే గొడవ. మూడూ డిస్టార్షన్ పెడల్సే, అంటే గిటార్ సౌండ్‌ని గరగరలాడించే, కాలితో తొక్కే డబ్బాలు, మూడిటి పేర్లలోనూ మెటల్ అనో డెత్ అనో ఉంది, వాడు చూసిన వీడియోల్లో మూడూ అదిరిపోయాయంట. నేను అడిగింది ఒకటే, దేంట్లో పెడతావురా అని. గిటార్‌కి పెడతానన్నాడు. గిటార్ సంగతి కాదు నాన్నా, పెడల్ లోంచి బయటికొచ్చిన వైరు ఎక్కడికెళ్తుందీ అంటే అప్పుడు ఆలోచించడం మొదలెట్టాడు. ఇంట్లో పది వాట్ల ప్రాక్టీస్ యాంపు, ఆదివారం చర్చిలో అయితే తిన్నగా మిక్సర్లోకి, కాలేజీ ఫెస్ట్ అయితే టెంట్ హౌస్ వాళ్ళ సౌండ్ సిస్టమ్. రాజోలు నుంచి భీమవరం దాకా మధ్యలో పాలకొల్లు, నరసాపురం అన్నీ కలుపుకుని నాకు తెలిసిన గిటార్ కుర్రాళ్ళలో చాలామందిది ఇదే పరిస్థితి, అందుకే వాడికి ఆ రోజు చెప్పిందంతా ఇక్కడ రాసేస్తున్నా, మీలో ఎవరికైనా పనికొస్తే డబ్బులు మిగుల్తాయి.

ముందు ఆ డబ్బాలో ఏం జరుగుతుందో కొంచెం తెలిస్తే కొనడం చాలా తేలికైపోద్ది. గిటార్ తీగల కదలికని కరెంటు సిగ్నల్‌గా మార్చే పికప్ నుంచి వచ్చేది చాలా చిన్నది, పెడల్ లోపల ఆప్ యాంపో ట్రాన్సిస్టర్లో దాన్ని వందల రెట్లు పెంచుతాయి, ఆ పెంపునే గెయిన్ అంటాం, అలా పెంచిన సిగ్నల్ డయోడ్ల దగ్గరికొచ్చేసరికి అవి ఒక ఎత్తు దాటనివ్వవు, సిలికాన్ డయోడ్ అయితే సుమారు 0.6 వోల్టు దగ్గర, జర్మేనియం అయితే 0.3 దగ్గర ఆపేస్తాయి, ఎల్ఈడీ పెడితే 1.7 దాకా వెళ్ళనిస్తాయి. కుంచంతో వడ్లు కొలిచేటప్పుడు పైన గుట్టగా ఉన్నదాన్ని చేత్తో తోసేసి సమం చేస్తారు చూడండి, సరిగ్గా అదే పని. సౌండ్ తరంగానికి తల కోసేస్తే ఆ కోసిన అంచుల దగ్గర కొత్త హార్మోనిక్స్, అంటే అసలు నోటు పైన అదనపు స్వరాలు, పుట్టుకొస్తాయి, మనకి ఆ గరగర అంతా అక్కడిదే. కోత ఎక్కువయ్యేకొద్దీ పెద్ద సౌండూ చిన్న సౌండూ ఒకే ఎత్తుకి వచ్చేస్తాయి, అందుకే నోటు ఎంతసేపైనా సాగుతుంది, అందుకే వేలు తీగ మీద జరిగిన చప్పుడు, కరెంటు హమ్ము కూడా నోటుతో సమానంగా పైకొచ్చేస్తాయి. గెయిన్ పెంచుతున్నాం అంటే మనకి అక్కర్లేనివన్నీ కూడా పెంచుతున్నాం అని అర్థం, ఇది బుర్రలో పెట్టుకోండి.

ఇప్పుడు అసలు కిటుకు. కోతకి ముందు సిగ్నల్లో బేస్ ఎక్కువుంటే కోశాక అంతా బురద అయిపోద్ది. మామూలు ట్యూనింగ్‌లో లావు తీగ 82 హెర్ట్జ్ దగ్గర ఉంటది, ఆ తీగని కిందికి దించి డ్రాప్ డి చేస్తే 73, డ్రాప్ సి అయితే 65, ఇంత కిందున్న తరంగం చాలా పెద్దది కాబట్టి డయోడ్లని ముందు అదే తన్నేస్తుంది, పైనున్న స్పష్టత అంతా దాని కింద నలిగిపోద్ది. పామ్ మ్యూట్, అంటే అరచేయి అంచు తీగల మీద ఆనించి, కొడితే టక్ టక్ టక్ అని విడివిడిగా రావాల్సింది దమ్ము చేసిన చేలో కాలు దిగినట్టు బుస్ బుస్ మంటుంది. మంచి హై గెయిన్ పెడల్ తయారుచేసేవాళ్ళు అందుకే కోతకి ముందు బేస్ తగ్గించి, కోసిన తర్వాత మళ్ళీ కలుపుతారు, పెడల్ మీద లో అని రాసుండే నాబ్ చాలావాటిలో కోసిన తర్వాత పనిచేసేదే. కాబట్టి షాపులో పెడల్ చూసేటప్పుడు గెయిన్ ఎంతుంది అని కాదండి చూడాల్సింది, గెయిన్ సగం దాటాక కూడా లావు తీగ మీద వేగంగా కొడితే దెబ్బ దెబ్బకీ మధ్య ఖాళీ వినపడుతుందా లేదా అని చూడాలి. వినపడకపోతే ఆ పెడల్ ఎంత పేరున్నదైనా పక్కన పెట్టేయండి.

మరీ బురదగా ఉన్న పెడల్ ఆల్రెడీ కొనేసి ఉంటే దానికీ మందుంది. ట్యూబ్ స్క్రీమర్ లాంటి ఓవర్‌డ్రైవ్ (గరగర తక్కువుండే పెడల్) ఒకటి, చవక కాపీ అయినా పర్లేదు, డిస్టార్షన్‌కి ముందు పెట్టి దాని డ్రైవ్ సున్నాకి తెచ్చి లెవెల్ బాగా పెంచండి. ఆ సర్క్యూట్ సుమారు 720 హెర్ట్జ్ కిందున్న దాన్ని కోతకి ముందే తగ్గిస్తుంది, మిడ్స్‌ని, అంటే బేస్‌కీ ట్రెబుల్‌కీ మధ్యలో ఉండే సౌండ్‌ని, ముందుకి తోస్తుంది, వెనకున్న పెడల్‌కి శుభ్రమైన సిగ్నల్ అందుతుంది. మెటల్ వాయించేవాళ్ళు పెద్ద పెద్ద ట్యూబ్ యాంపుల ముందు కూడా దాన్ని పెట్టేది ఎక్కువ గెయిన్ కోసం కాదు, ఈ బిగుతు కోసమే.

ఇక దేంట్లో పెడతారు అన్న ప్రశ్న. మిక్సర్లోకి తిన్నగా పెట్టేవాళ్ళ గురించే ఎక్కువ చెప్తా, ఎందుకంటే మనవైపు డబ్బులు ఎక్కువ పోగొట్టుకునేది అక్కడే. గిటార్ యాంపులో ఉండే స్పీకర్ మామూలు స్పీకర్ కాదండి, అది 5 వేల హెర్ట్జ్ దాటాక బాగా పడిపోద్ది, అంటే డిస్టార్షన్ పుట్టించిన ఆ పైపై గరగరని స్పీకరే వడగట్టేస్తుంది, మనం రికార్డుల్లో వినే గిటార్ టోన్ అంటే ఆ వడగట్టిన తర్వాత మిగిలింది. పందిట్లో పెట్టే సౌండ్ బాక్సులు అలా కాదు, వాటి హారన్లు మనిషి చెవికి వినపడే పై అంచు దాకా అన్నీ వినిపించడానికే చేసినవి. నేను మొదటిసారి మా ఊరి వినాయక చవితి పందిట్లో డిస్టార్షన్ పెడల్ని తిన్నగా మిక్సర్లో పెట్టి ఆన్ చేశా, కందిరీగల తుట్టె కదిలించినట్టు వచ్చింది సౌండు, ముందు వరసలో కూర్చున్న పెద్దవాళ్ళు చెవులు మూసుకున్నారు, సౌండ్ చూసే అబ్బాయి నా ఛానెల్ ట్రెబుల్ మొత్తం తిప్పేశాడు, అప్పుడు గిటార్ గోనెసంచి కప్పినట్టు అయిపోయింది. రెండేళ్ళపాటు పెడల్దే తప్పు అనుకున్నా. పెడల్ తప్పు లేదు, మధ్యలో ఉండాల్సిన స్పీకర్ లేకపోవడం తప్పు.

అందుకని మీ గిటార్ ఎక్కువసార్లు మిక్సర్లోకో ఆడియో ఇంటర్‌ఫేస్‌లోకో (గిటార్‌ని కంప్యూటర్‌కి కలిపే డబ్బా) పోతుంటే మీరు కొనాల్సింది ఒట్టి డిస్టార్షన్ పెడల్ కాదు. క్యాబ్ సిమ్యులేషన్ ఉండాలి, అంటే గిటార్ స్పీకరూ దాని ముందు పెట్టిన మైకూ చేసే వడపోతని ఎలక్ట్రానిక్‌గా చేసేది. ఈ పనికే ఐఆర్ లోడర్ అని విడిగా చిన్న పెడల్స్ వస్తాయి, కొన్ని డిస్టార్షన్ పెడల్స్‌కి వెనకాల క్యాబ్ సిమ్ అవుట్‌పుట్ కూడా ఉంటది, లేదంటే క్యాబ్ సిమ్ ఉన్న చిన్న మల్టీ ఎఫెక్ట్ (చాలా ఎఫెక్టులు ఒకే డబ్బాలో ఉండేది) తీసుకోండి. అనలాగ్ అంటే గొప్ప, డిజిటల్ అంటే బొమ్మ అని ఎవరైనా చెప్తే పట్టించుకోకండి, పందిట్లో నిలబడి వినేవాడికి క్యాబ్ సిమ్ ఉన్న చవక మల్టీ ఎఫెక్ట్ ముందు క్యాబ్ సిమ్ లేని ఖరీదైన పెడల్ నిలబడదు, రెండూ ఒకే స్టేజి మీద విని చెప్తున్నా ఇది. ఇంకోటి, ట్రూ బైపాస్ పెడల్ని, అంటే ఆఫ్‌లో ఉంటే సిగ్నల్ లోపలి సర్క్యూట్‌ని తాకకుండా పోయేదాన్ని, ఆఫ్ చేసి క్లీన్ వాయిస్తున్నప్పుడు గిటార్ తిన్నగా మిక్సర్ లైన్ ఇన్‌పుట్‌కి కలిసినట్టే, ఆ ఇన్‌పుట్ ఇంపిడెన్స్ పికప్‌కి సరిపోదు కాబట్టి సౌండ్ మొద్దుబారిపోద్ది, అందుకని వరసలో ఎక్కడో ఒకచోట బఫర్ (ఆ తేడాని సర్దే సర్క్యూట్) ఉన్న పెడల్ గానీ అదే పని చేసే డీఐ బాక్స్ గానీ ఉండాలి.

చిన్న ప్రాక్టీస్ యాంపు వాళ్ళకి, 6 అంగుళాలో 8 అంగుళాలో ఉండే ఆ స్పీకర్ బేస్ మొయ్యలేదు, లో నాబ్ ఎంత తిప్పినా డబ్బా అదురుద్ది తప్ప బరువు రాదు. యాంపుని క్లీన్ ఛానెల్లోనే ఉంచండి, దాని సొంత గెయిన్ బటన్ మీద మీ పెడల్ గెయిన్ ఎక్కించకండి. ఇలాంటి యాంపుకి లో తగ్గించి మిడ్స్ పెంచితే మంచిగా పలికే పెడల్ చూసుకోండి, ఖరీదైనది అవసరం లేదు. ఇక క్లీన్‌గా బాగా లౌడ్‌గా ఉండే పెద్ద యాంపు మీ దగ్గరుంటే అదృష్టవంతులు, ఏ పెడల్ అయినా దాని నిజం చూపిస్తుంది. ఆ యాంపుకి వెనకాల ఎఫెక్ట్స్ రిటర్న్ ఉంటే పెడల్ అవుట్‌పుట్ అక్కడ పెట్టి కూడా ఒకసారి వినండి, యాంపు ముందుభాగంలోని ఈక్యూ (బేస్, మిడ్, ట్రెబుల్ సర్దే భాగం) తప్పించుకుని తిన్నగా పవర్ సెక్షన్‌కి వెళ్తుంది, ముందు ఇన్‌పుట్లో పెడితే రొదలా వినపడిన పెడల్ అక్కడ పెట్టేసరికి మనిషి మారినట్టు మారిపోద్ది.

బాస్ (BOSS) కంపెనీ మెటల్ జోన్ పెడల్ని తిట్టేవాళ్ళలో చాలామందికి ఈ సంగతి తెలీదు. 1991లో వచ్చింది ఆ పెడల్, పైన రెండంతస్తుల నాబులుంటాయి, హై, లో రెండూ 20 డెసిబెల్స్ అటూ ఇటూ, మిడ్ 15 డెసిబెల్స్ అటూ ఇటూ, పైగా ఆ మిడ్ 200 హెర్ట్జ్ నుంచి 5 వేల హెర్ట్జ్ మధ్య ఎక్కడ పెంచాలో ఎక్కడ తగ్గించాలో కూడా మనమే తిప్పుకోవచ్చు. అంత శక్తి ఉన్న ఈక్యూని మామూలు టోన్ నాబ్‌లా చివరిదాకా తిప్పేస్తే చెవులు పోతాయి మరి. డిస్టార్షన్ సగం లోపు, హై సగం కంటే తక్కువ, మిడ్ కొంచెం పెంచి ఆ ఫ్రీక్వెన్సీ నాబ్ నెమ్మదిగా తిప్పుకుంటూ గొంతు ఎక్కడ తెరుచుకుంటుందో అక్కడ ఆపండి, వేరే పెడల్ విన్నట్టుంటది.

మిడ్స్ గురించి ఇంకో రెండు ముక్కలు చెప్పాలి. గదిలో ఒక్కళ్ళమే వాయించుకునేటప్పుడు మిడ్స్ తగ్గించి బేస్, ట్రెబుల్ పెంచితే చాలా గొప్పగా ఉంటది, నేనూ ఒప్పుకుంటా. బ్యాండుతో కలిసేసరికి కింద బేస్ గిటారూ కిక్ డ్రమ్మూ, పైన సింబల్స్ ఆ చోట్లు ఆక్రమించేస్తాయి, మధ్యలో గిటార్ ఉండాల్సిన చోటేమో మనమే ఖాళీ చేసేశాం. మన చర్చిల్లో అయితే కీబోర్డు ఆయన ఎడం చేత్తో బేస్, కుడి చేత్తో స్ట్రింగ్స్ అన్నీ నింపేస్తారు, అక్కడ మిడ్స్ లేని గిటార్ ఉన్నా లేనట్టే. అందుకే మిడ్ నాబ్ విడిగా లేని హై గెయిన్ పెడల్ కొనాలంటే నేనైతే రెండుసార్లు ఆలోచిస్తా.

ఏ సౌండుకి ఏ జాతి పెడల్ అనేది కూడా కొంచెం చూసుకోండి. స్వీడన్ డెత్ మెటల్ రంపం సౌండ్ కావాలంటే బాస్ హెచ్ఎమ్-2 జాతి, 1983లో వచ్చి 1991లో ఆగిపోయిన పెడల్ అది, స్టాక్‌హోమ్ బ్యాండు ఎంటూమ్డ్ వాళ్ళు దాని నాబులన్నీ చివరిదాకా తిప్పి వాడిన సౌండే ఆ రంపం, 2021లో బాస్ వాళ్ళే వాజా క్రాఫ్ట్ వెర్షన్‌గా మళ్ళీ తెచ్చారు. బెహ్రింగర్ ప్లాస్టిక్ డబ్బాల్లో దానికీ మెటల్ జోన్‌కీ కూడా చవక కాపీలున్నాయి, సౌండ్ దగ్గరగానే ఉంటది, కాకపోతే స్టేజి మీద కాలితో గట్టిగా తొక్కేవాళ్ళకి ఆ డబ్బా ఎన్నాళ్ళుంటుందో చూసుకోవాలి. ప్రోకో ర్యాట్ అయితే నిజానికి ఇప్పటి లెక్కలో మధ్యస్థం గెయిన్, కానీ గొంతులో మట్టి వాసనుంటది, దాని ఫిల్టర్ నాబ్ కుడికి తిప్పితే ట్రెబుల్ పెరగదు, తగ్గుతుంది, ఇది తెలీక పెడల్ పాడైందనుకున్నవాళ్ళని చూశా. బిగుతుగా కొత్త తరం మెటల్ కావాలంటే ఒక ట్యూబ్ యాంపు గెయిన్ ఛానెల్‌ని డబ్బాలో పెట్టినట్టు చేసిన జాతి ఉంది, రెవ్ జీ3, ఫ్రీడ్‌మన్ బీఈ-ఓడీ లాంటివి, బాగుంటాయి, రేటు కూడా అలాగే ఉంటది. డిజిటెక్ డెత్ మెటల్ అని ఇంకోటి కనపడుద్ది సెకండ్ హ్యాండ్లో, దానికసలు గెయిన్ నాబే ఉండదు, ఎప్పుడూ నిండుగానే, అదొక్కటే సౌండ్ కావాల్సినవాళ్ళకి తప్ప నేను చెప్పను.

ఇక కరెంటు. ఇది మనవైపు టోన్ కంటే పెద్ద సమస్య అనిపిస్తుంది ఒక్కోసారి. హై గెయిన్ ఆన్ చేయగానే బుంయ్ మని హమ్ము, దానికి సగం కారణం సింగిల్ కాయిల్ పికప్, అది చుట్టూ ఉన్న 50 హెర్ట్జ్ కరెంటు వాసనంతా పట్టేస్తుంది, హంబకర్‌లో రెండు కాయిల్స్ ఎదురెదురుగా ఉండి ఆ హమ్ముని ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. కాబట్టి మీ గిటార్‌కి మూడూ సింగిల్ కాయిల్సే ఉంటే, పెడల్ కంటే ముందు బ్రిడ్జి దగ్గర ఒక హంబకర్ వేయించుకునే సంగతి ఆలోచించండి, తేడా తెలిసిపోద్ది. పందిట్లో సీరియల్ సెట్లు, డిమ్మర్లు, జనరేటర్ దగ్గర నుంచి దూరంగా నిలబడండి, ఒక్కోసారి ఒంటిని పక్కకి తిప్పితేనే హమ్ము సగం పోద్ది. వాయించనప్పుడు రొదని ఆపేసే నాయిస్ గేట్ తీసుకుంటే డిస్టార్షన్ తర్వాత, డిలేకి (ప్రతిధ్వని పెడల్) ముందు పెట్టండి, డిలే తర్వాత పెడితే దాని తోక కోసేస్తుంది. బాస్ ఎన్ఎస్-2 లాంటి గేట్లకి సెండ్, రిటర్న్ అని రెండు జాకులుంటాయి, డిస్టార్షన్‌ని ఆ మధ్యలో పెడితే గేటు శుభ్రమైన గిటార్‌ని విని తెరుచుకుంటుంది, మూసుకుంటుంది, ఆపి ఆపి కొట్టే రిఫ్‌లకి అదే సరైన పద్ధతి. ఎమ్ఎక్స్ఆర్ ఫుల్‌బోర్ మెటల్ లాంటివాటికి గేటు లోపలే వస్తుంది, ఒక ఖర్చు తగ్గినట్టే.

తీగలు ముట్టుకుంటే హమ్ము తగ్గితే అది మామూలే, భయపడక్కర్లేదు. తీగలు పట్టుకుని మైకుకి మూతి ఆనిస్తే జిల్లుమంటే మాత్రం వెంటనే వాయించడం ఆపేయండి, అది ఎర్తింగ్ లోపం, తడి నేల మీద అది ప్రాణం తీస్తుంది. హమ్ము పోతుందని ప్లగ్గుకి ఎర్త్ పిన్ విరగ్గొట్టే పని ఎప్పుడూ చేయొద్దు, ఎవరు సలహా ఇచ్చినా సరే.

అడాప్టర్ విషయం, చాలా పెడల్స్‌కి 9 వోల్టుల డీసీ, మధ్య పిన్ నెగెటివ్. చర్చిలో కీబోర్డు అడాప్టర్ ఖాళీగా ఉంది కదా, పిన్ దూరింది కదా అని పెట్టేయకండి, యమహా కీబోర్డుల అడాప్టర్లు చాలావరకు 12 వోల్టులు, మధ్య పిన్ పాజిటివ్, పెడల్ అక్కడికక్కడే పోవచ్చు. అడాప్టర్ మీద గుండ్రం బొమ్మ గీసుంటది, మధ్య చుక్కకి మైనస్ గుర్తుందో లేదో చూసే పెట్టండి. ఫోన్ ఛార్జర్‌కి తగిలించే 9 వోల్టుల వైర్లు చాలావాటిలో కీచుమనే సన్నటి రొద వస్తుంది, హై గెయిన్‌లో అది భరించలేం. కరెంటు పోయే ఊళ్ళలో ఒక ఆల్కలైన్ బ్యాటరీ లోపల ఉంచుకోవడం మంచిదే గానీ వాయించడం అయ్యాక ఇన్‌పుట్ జాక్ పీకేయండి, బ్యాటరీ స్విచ్ ఆ జాకే, పెడల్ ఆఫ్‌లో ఉన్నా జాక్ ఉంటే బ్యాటరీ కరిగిపోద్ది.

కొనడానికి వెళ్ళేటప్పుడు మీ గిటార్ మీరే పట్టుకెళ్ళండి, రాజమండ్రి వెళ్ళినా, ఇంకా దూరం వెళ్ళినా సరే. షాపులో గోడకున్న ఖరీదైన గిటారూ పెద్ద యాంపూ పెట్టి వినిపిస్తారు, దాంట్లో ఏదైనా బాగానే ఉంటది, మీ ఇంట్లో ఉన్నలాంటి యాంపే అడగండి. ముందు నాబులన్నీ మధ్యలో పెట్టి గెయిన్ పావు దగ్గర మొదలెట్టండి, లావు తీగ మీద పామ్ మ్యూట్, తర్వాత ఆరు తీగలూ మోగే కార్డు ఒకటి కొట్టి అందులో నోట్లు విడిగా వినపడుతున్నాయా చూడండి, తర్వాత గిటార్ వాల్యూమ్ సగానికి తగ్గించండి, మంచి పెడల్ అయితే శుభ్రపడుతుంది, లేకపోతే అదే రొద చిన్నగా వస్తుంది. ఇంకో పరీక్ష, పెడల్ ఆన్ ఆఫ్ చేసినప్పుడు వాల్యూమ్ సమానంగా ఉండేలా లెవెల్ సర్దుకుని అప్పుడు పోల్చండి, మన చెవికి లౌడ్‌గా ఉన్నదే బాగున్నట్టు అనిపిస్తుంది, రెండు పెడల్స్ పోల్చేటప్పుడు మోసపోయేది అక్కడే.

సెకండ్ హ్యాండ్ అయితే ప్రతి నాబూ మెల్లగా తిప్పుతూ గరగరలాడుతుందేమో వినండి, స్విచ్ పదిసార్లు తొక్కండి, బ్యాటరీ మూత తీసి లోపల పచ్చగా చిలుము పట్టిందేమో చూడండి. అంతర్వేది, నరసాపురం వైపు సముద్రగాలి తిన్న పెడల్స్‌లో జాకులు తొందరగా చిలుమెక్కుతాయి, అది కాంటాక్ట్ క్లీనర్ స్ప్రేతో చాలావరకు పోద్ది కాబట్టి దాన్ని చూపించి రేటు తగ్గించమని అడగొచ్చు, సర్క్యూట్ బోర్డు మీదకి పాకి ఉంటే మాత్రం వద్దు. మీరు కొత్తది కొన్నా సరే వానాకాలంలో గాలాడని డబ్బాలో సిలికా జెల్ ప్యాకెట్లు వేసి పెట్టుకోండి, నెలకోసారి కేబుల్స్ పీకి జాకులు పొడిగుడ్డతో తుడవండి.

మా పిన్ని గారబ్బాయి చివరికి ఆ మూడిట్లో ఏదీ కొనలేదు. క్యాబ్ సిమ్ ఉన్న చిన్న మల్టీ ఎఫెక్ట్ సెకండ్ హ్యాండ్లో తీసుకున్నాడు, మిగిలిన డబ్బులతో బ్రిడ్జి హంబకర్ వేయించాడు, ఇప్పుడు నాకు ఫోన్ చేసి మిడ్ ఎంత పెట్టాలి అన్నయ్యా అని అడుగుతున్నాడు.